పెళ్ళికారుకి పాత ఫిల్టరు

పాత సామాను అమ్మేవాడు నన్ను మొదటి నిమిషంలోనే "అన్నయ్యా" అని పిలిచాడంటే, నేను అతని మొహం చూడటం మానేసి సామాను మీద వెల్డింగ్ చూడటం మొదలుపెడతాను. "మీకు కాబట్టి ఇస్తున్నాను" అన్నాడంటే టార్చిలైటు తీస్తాను. రంగు వేసి తళతళలాడించి పెట్టాడంటే ఇక ఆ కొట్లో టీ కూడా తాగను. మా ఇంట్లోవాళ్ళు దీన్ని జబ్బు అంటారు. సంతలో వంకాయని కూడా వెలుగుకి ఎత్తి చూస్తానని మా ఆవిడ చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తుంది. చూస్తాను మరి. పుచ్చు లోపల ఉంటుంది గానీ పైన ఉండదు కదా.

అమలాపురంలో నా షెడ్డుని ఇప్పుడు వేరేవాళ్ళు నడుపుతున్నారు. నడుము మొరాయించడంతో రెంచి దింపేశాను. ఎప్పుడు పనిలో చేరాను, ఎప్పుడు హెడ్ మేస్త్రీనయ్యాను, ఎవరు సన్మానం చేసి శాలువా కప్పారు అనే సంగతులు ఎవరికీ ఉపయోగపడవు కనుక వదిలేస్తున్నాను. ఈమధ్య మా కోనసీమ రోడ్ల మీద ఖరీదైన విదేశీ కార్లు బాగా కనిపిస్తున్నాయి. పెద్ద నగరాల్లో ఎవరో వాడి వదిలించుకున్నవి ఇక్కడికి వచ్చి రెండో బతుకు మొదలుపెడుతున్నాయి. వాటిని బాగుచేయడానికి కొత్త పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని దిగుతున్నారు. మంచిదే. కానీ ల్యాప్‌టాప్‌కి తెలియని సంగతులు కొన్ని ఉన్నాయి. వాళ్ళ కోసం ఒక కారు సంగతి, నిజానికి ఆ కారుకి కొన్న ఒక్క పాత ఫిల్టరు సంగతి రాస్తాను.

చిట్టిరాజు గారి ప్రశ్న

ముందు నాకు అనుమానం నేర్పిన మనిషి గురించి చెప్పాలి. రాజమండ్రిలో నేను పని నేర్చుకున్న వర్క్‌షాపు యజమాని చిట్టిరాజు గారు. ఆయన నోరు మంచిది కాదు. చెయ్యి మాత్రం బంగారం. ఎవరు పాత సామాను తెచ్చినా ధర అడిగేవారు కాదు, గ్యారంటీ అడిగేవారు కాదు. "ఇది ఏ బండిదిరా? ఆ బండి ఎందుకు చచ్చింది?" అని అడిగేవారు. చెప్పలేకపోతే సామాను గేటు దాటి లోపలికి రాదు.

ఈ ప్రశ్న ఆయనకి పుట్టుకతో రాలేదు. ఒకసారి అడగకపోవడం వల్ల వచ్చింది. ఒక డాక్టరు గారి కారుకి పాత డీజిలు పంపు కావలసివచ్చింది. తెచ్చినవాడు చిట్టిరాజు గారి బావమరిదే. అడిగితే ఏమనుకుంటాడోనని మొహమాటపడ్డారు. ఆ పంపు లోపల అరిగిపోయి ఇనుప రజను వదులుతోంది. ఆ రజను డీజిలుతోపాటు పాకి ఇంజిను మొత్తాన్ని తినేసింది. డాక్టరు గారు ఒక్క మాట అనలేదు. ఇంకెప్పుడూ మా వర్క్‌షాపుకి రాలేదు, అంతే. ఆయన తిట్టి ఉంటే చిట్టిరాజు గారు తట్టుకునేవారేమో. ఆ మౌనాన్ని తట్టుకోలేకపోయారు. అప్పటినుంచి మొహమాటం ఇంట్లో పెట్టి పనిలోకి రమ్మని మా అందరికీ రోజూ చెప్పేవారు.

నిజం చెప్పాలంటే ఆయన అనుమానం కూడా కొన్నిసార్లు శ్రుతి మించింది. నిజాయితీగా బతికే ఇద్దరు ముగ్గురు అమ్మకందార్లు ఆయన గేటు తొక్కడం మానేశారు. నాకూ అలాంటి శత్రువులు కొందరున్నారు. అయినా ఆ ప్రశ్నని మాత్రం నేను వదల్లేదు.

వీరబాబు, అతని కారు

నేను ఇంకా రెంచి దింపకముందు సంగతి ఇది. వీరబాబుది రాజోలు పక్క ఊరు. కువైట్‌లో ఒక గొప్పింట్లో చాలా ఏళ్ళు డ్రైవరుగా చేసి వచ్చాడు. మళ్ళీ వెళ్ళనని భార్య మంగకి మాటిచ్చి, తెచ్చుకున్న డబ్బంతా పెట్టి హైదరాబాదులో ఒక పాత జర్మనీ కారు కొన్నాడు. తెల్లటి కారు. పెళ్ళిళ్ళకి అద్దెకి తిప్పడం అతని వ్యాపారం. రాజోలు, సఖినేటిపల్లి, కొత్తపేట వైపు పెళ్ళివారందరికీ ఆ కారే కావాలి. పంటు మీద వసిష్ఠ గోదావరి దాటి నరసాపురం పెళ్ళిళ్ళకీ వెళ్ళేది. పంటు మీద ఆ కారు నిలబడితే పక్కన మోటారుసైకిళ్ళవాళ్ళు వరసగా సెల్ఫీలు తీసుకునేవారు.

అలాంటి కారు ఒకరోజు చించినాడ వంతెన మీద వధూవరులతో సహా మొరాయించింది. ఆగిపోలేదు. ఆగిపోయినా బాగుండేది. స్టీరింగు ముందు మీటర్లలో పసుప్పచ్చ దీపం వెలిగి, ఎంత తొక్కినా సైకిలు వేగానికి మించి వెళ్ళలేదు. వెనకాల బ్యాండు మేళం ఉన్న ట్రాక్టరు వీళ్ళని దాటుకుని ముందుకు పోయింది. పెళ్ళికొడుకు కంటే ముందు మేళం పెళ్ళింటికి చేరింది. ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుని పడిపడి నవ్వుతారు. వీరబాబు మాత్రం ఆ రాత్రి అన్నం తినలేదట.

నేను చూసేసరికి తప్పు తేలిగ్గానే దొరికింది. డీజిలు కార్లకి పొగగొట్టం దారిలో ఒక ఫిల్టరు ఉంటుంది. లోపల తేనెపట్టులా సన్నటి రంధ్రాలున్న పింగాణీ దిమ్మ. ఇంజిను వదిలే మసిని పట్టుకుని తనలో దాచుకుంటుంది. బండి హైవే మీద కాసేపు ఆపకుండా పరుగెత్తితే ఆ వేడికి మసి కాలి బూడిదవుతుంది, ఫిల్టరు మళ్ళీ ఊపిరి పీల్చుకుంటుంది. అలాంటి పరుగు లేకపోతే మసి నిండి గొంతు పట్టేస్తుంది. వీరబాబుకి కారు అమ్మినవాళ్ళు మసితో నిండిన ఫిల్టరుని ఒక్కసారిగా బలవంతాన కాల్పించి, దీపం ఆర్పి అంటగట్టారు. ఆ వేడికి దిమ్మ నడుమ కరిగి పగిలింది. కడిగితే బాగుపడేది కాదు. మార్చాల్సిందే.

కొత్త ఫిల్టరు ధర చెప్పగానే వీరబాబు అరుగు మీద కూలబడ్డాడు. అతని వెంట వచ్చిన మంగ నిలబడే ఉంది.

"మేస్త్రీ గారూ, నాకు ఒక్కటి చెప్పండి. ఈ బండి నిలబడుద్దా, నిలబడదా? నిలబడదంటే ఉన్న ధరకి అమ్మేసుకుంటాం. ఈయన బీరువాలోంచి పాస్‌పోర్టు తీసి చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతున్నారండి. ఏజెంటు రోజూ ఫోన్ చేత్తున్నాడు, పాత మేడం గారే రమ్మంటున్నారంట" అంది.

"నువ్వు ఊరుకోవే" అన్నాడు వీరబాబు.

"నేనెందుకు ఊరుకోవాలి? పెళ్ళైన కాడ్నించీ మిమ్మల్ని ఫోన్లోనే చూసేను."

నాకు ఆ క్షణంలో కారు కంటే ఆమె గొంతే ఎక్కువ భయం పుట్టించింది. బాగుచేస్తానని మాటిచ్చాను. అంత తొందరపడి మాటివ్వడం నా అలవాటు కాదు.

గుల్ల చేయించే సలహా

ఇక్కడ కుర్రాళ్ళు ఒక సలహా ఇస్తారు. ఫిల్టరు ఇనుప డబ్బా కోసి, లోపలి దిమ్మని గునపంతో పొడిచి తీసేసి, మళ్ళీ వెల్డింగ్ చేసి, ఫిల్టరే లేదని బండి కంప్యూటరుకి అబద్ధం నేర్పితే సరిపోతుందని. చౌక. తొందరగా అయిపోతుంది. వీరబాబుకి కూడా ఎవరో చెప్పారు. నేను ఒప్పుకోలేదు. అది చట్టానికి విరుద్ధం, అది ఒక సంగతి. రెండో సంగతి, ఆ నల్లటి మసి ఎక్కడికి పోతుంది? పెళ్ళికారు వెనకాల నడిచొచ్చే ఆడపిల్లల ముక్కుల్లోకి, మేళగాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ పని చేసేవాళ్ళని నేను మెకానిక్కులనను. మీరు చేస్తుంటే మానేయండి. ఇంకోసారి చెప్పను.

కాబట్టి పాతదే, కానీ ప్రాణమున్నది వెతకాలి. వీరబాబు ఫోన్‌లో ఎవరో పంపిన ఫొటోలు చూపించాడు. మెరిసిపోతోంది. "ఇది పంపించేత్తారంటండీ, డబ్బు ముందు కొట్టాలంట." ఫొటోలో ఫిల్టరు ఉంది, నంబరు ఉన్న చోట వేలు అడ్డంగా ఉంది. మూడు ఫొటోల్లోనూ వేలు అక్కడే ఉంది. వేలు తీసి ఇంకో ఫొటో పంపమని మెసేజీ పెట్టించాను. ఆ తర్వాత ఆ మనిషి జవాబివ్వలేదు.

విజయవాడలో

విజయవాడ ఆటోనగర్‌లో విప్పిన కార్ల సామాను అమ్మే నాగేశ్వరరావు గారి దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. పెద్దమనిషి, నుదుట విభూతి, నెమ్మదైన మాట. విభూతి చూసి నాకు అనుమానం ఇంకాస్త పెరిగింది.

ఆయన మొదట తెచ్చిన ఫిల్టరు తేలిగ్గా లేచింది. పింగాణీ దిమ్మ ఉన్నది అంత తేలిగ్గా లేవదు. ఒక మూతిలో టార్చి వేసి రెండో మూతిలోంచి చూశాను. వెలుగు సూటిగా నా కంట్లో పడింది. బాగున్న ఫిల్టరులో రంధ్రాలు ఒకటి విడిచి ఒకటి మూసి ఉంటాయి, అందుకని వెలుగు అటునుంచి ఇటు రాదు. ఇది గుల్ల. డబ్బా చుట్టూ రంగు కింద కొత్త వెల్డింగ్ గీత చేతికి తగిలింది.

"ఇది మీరు చేయించిందేనా అండీ?" అని అడిగాను.

"నా దగ్గరికి అలాగే వచ్చిందండి. చూస్తారో లేదోనని తెచ్చాను" అన్నాడాయన, ఏమాత్రం సిగ్గుపడకుండా.

రెండోది బరువుగా ఉంది. వెలుగు రావడం లేదు. నంబరు కూడా కలిసింది. వీరబాబు మొహం వికసించింది. నేను ఒత్తిడి కొలిచే సన్నటి గొట్టంలో అగ్గిపుల్ల తిప్పి తీశాను. పుల్లకి మసి అంటలేదు, బూడిదరంగు మెత్తటి పొడి అంటింది. వేళ్ళ మధ్య నలిపితే పౌడరులా జారింది. మాది కపిలేశ్వరపురం దగ్గర లంక. వరద తీసిన తర్వాత ఇంట్లోంచి, గాబులోంచి, పెట్టెల్లోంచి ఆ ఒండ్రుని ఎత్తిపోస్తూ పెరిగినవాణ్ణి. ఎక్కడ తగిలినా పోల్చుకుంటాను.

"ఏ బండిదండీ ఇది? ఆ బండి ఎందుకు చచ్చింది?"

"యాక్సిడెంటు బండండి."

"నీళ్ళల్లో మునిగిన బండి కదండీ."

నాగేశ్వరరావు గారు నన్ను చూసి, పుల్లని చూసి, ఫిల్టరుని తీసుకెళ్ళి లోపల పెట్టేశారు. వరదనీరు తాగిన దిమ్మకి బురద లోపలే ఎండి ఉంటుంది. బిగించి వేడెక్కించగానే పగులుతుంది. ఇది పగిలినా పైకి ఏమీ కనిపించదు, అదే దాని మోసం.

బయట ఎండలో వీరబాబు విసుక్కున్నాడు. "ఇంత అనుమానమైతే ఎలాగండీ? ఇలాగైతే మనకి ఎవరు ఇత్తారండీ?"

"ఇచ్చేవాడు ఇస్తాడు. కూర్చో" అన్నాను.

ఇచ్చారు. ఈసారి నాగేశ్వరరావు గారు సామాను తేలేదు, మమ్మల్నే దొడ్లోకి తీసుకెళ్ళారు. ముందుభాగం నుజ్జయిన అదే రకం కారు ఒకటి అక్కడ ఇంకా విప్పకుండా ఉంది. వెనకభాగం చెక్కుచెదరలేదు. వరద గుర్తులు లేవు. ఫిల్టరు నా కళ్ళముందే విప్పించాను. వెనక మూతిలో తెల్లగుడ్డ తిప్పితే గుడ్డ తెల్లగానే వచ్చింది. దిమ్మ పగిలి ఉంటే మసి అటువైపుకి దాటి గుడ్డ నల్లబడేది. నంబరు చివరి అక్షరం దాకా సరిచూశాను. ఒకే పేరుగల కారుకి కూడా పొగ నిబంధనలు మారిన ఏడాదిని బట్టి ఫిల్టరు మారిపోతుంది. సెన్సరు బిగించే చోట ఒక మర తేడా ఉన్నా ఇంటికొచ్చాక ఏడవాలి. అన్నీ కలిశాయి.

డబ్బిచ్చి లేస్తుంటే నాగేశ్వరరావు గారు నన్ను ఆపారు.

"అయ్యా, మీరు నా బండి ఎందుకు చచ్చిందో అడిగారు, బాగుంది. మరి మీరు చెప్పిన ఆ పాత ఫిల్టరు అంత మసితో ఎందుకు నిండిందో చూసుకున్నారా?"

"మా కాలవగట్టు రోడ్లండి. స్పీడు వెళ్ళవు" అన్నాను. నాకు తెలిసిన జవాబు అది. ఆయన తలూపారు గానీ నమ్మినట్టు కనిపించలేదు.

మళ్ళీ అదే దీపం

ఫిల్టరు బిగించి, దాని వయసెంతో బండి కంప్యూటరుకి చెప్పి, రావులపాలెం దగ్గర హైవే ఎక్కించి పరుగెత్తించాను. కారు జింకలా దూకింది. మంగ మా ఇంటికి అరటిగెల పంపింది. కథ ఇక్కడ అయిపోయి ఉంటే ఇది రాసేవాణ్ణి కాదు.

కొద్ది పెళ్ళిళ్ళు తిరిగేసరికి అదే పసుప్పచ్చ దీపం వెలిగింది. వీరబాబు షెడ్డులోకి ఊగిపోతూ వచ్చాడు. "ఆ విభూతాయన మోసం చేసేడండీ. మీరు అంత చూసి కూడా మోసపోయేరు."

నాకూ మొదట ఆయన మీదికే మనసు పోయింది. కానీ విప్పి చూస్తే ఫిల్టరు భేషుగ్గా ఉంది. వెనక మూతిలో గుడ్డ ఇంకా తెల్లగానే వస్తోంది. మసి నిండింది, అంతే. హైవే మీద పరుగెత్తిస్తే కాలిపోయి దీపం ఆరిపోయింది. కాబట్టి సామాను దొంగ కాదు. ఇంజెక్టర్లు చూశాను, కారడం లేదు. టర్బో నూనె వదలడం లేదు. గాలి గొట్టాలు బిగుతుగా ఉన్నాయి. డీజిలు పోయించే బంకు మీద కూడా అనుమానపడి సీసాలో పట్టించి నిలవబెట్టి చూశాను, శుభ్రంగా ఉంది. కాలవగట్టు రోడ్లనుకుందామంటే, అదే రోడ్ల మీద తిరిగే మా ఊరి ఇంకో డీజిలు కారుకి ఇంత తొందరగా ఎప్పుడూ నిండలేదు.

ఇంక మిగిలింది ఒక్కడే. అడిగితే చెప్పడు. అబద్ధమాడి కాదు, తను చేసేది తప్పని తెలియక. ఈ పనిలో చివరిదాకా మనం అనుమానించని మనిషి ఎదురుగా నిలబడి మనకి టీ తెప్పించే కస్టమరే. సఖినేటిపల్లి దగ్గర పగటి ముహూర్తం పెళ్ళి ఒకటి ఉందని తెలిసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పిలవని పెళ్ళికి వెళ్ళాను. ఆడపెళ్ళివారు నన్ను మగపెళ్ళివారి తాలూకు అనుకున్నారు, మగపెళ్ళివారు ఆడపెళ్ళివారి తాలూకు అనుకున్నారు. రెండువైపులా కూల్‌డ్రింకు ఇచ్చారు.

పందిరి పక్కన

ముందురోజు వాన పడింది. కారు దిగబడకుండా పందిరి గుమ్మం దగ్గర బురద మీద ఎండు కొబ్బరిమట్టలు పరిచారు. వాటి మీద వీరబాబు కారు నిలబడి ఉంది. పూలదండలు కట్టి, అద్దాలు మూసి, ఇంజిను ఆడుతూనే ఉంది. వీరబాబు తలుపు పక్కన తెల్ల చొక్కాలో, రెండు చేతులూ ముందుకి కట్టుకుని, నిటారుగా నిలబడ్డాడు. ఆ నిలబడటం మా కోనసీమ డ్రైవర్ల నిలబడటం కాదు. మావాళ్ళు కారాపి, చెట్టు నీడలో బీడీ ముట్టించి, పేకాటకి చూపు తిప్పుతారు.

లోపల తలంబ్రాలు మొదలయ్యాయి. ఇంజిను ఆగలేదు. అప్పగింతలకి ఇంకా చాలా సమయం ఉంది. నేను కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చున్నాను. అప్పుడు ముక్కుకి వాసన తగిలింది. కొబ్బరాకు కాలుతున్న వాసన. పక్కాయన హోమం పొగ అన్నాడు. హోమంలో నెయ్యి ఉంటుంది, ఇందులో నెయ్యి లేదు. లేచి కారు కిందికి వంగి చూశాను. ఫిల్టరు డబ్బా కింద మట్టల ఈనెలు ఎర్రగా రాజుకుని పొగ లేస్తోంది. నిండిన మసిని కాల్చుకోవడానికి ఫిల్టరు తనే వేడెక్కి, బండి కదలక గాలి తగలకపోవడంతో ఆ వేడంతా కిందికే కక్కుతోంది. అడుగు దూరంలో తాటాకు పందిరి ఉంది. పందిరి కింద ఊరంతా ఉంది.

"వీరబాబూ! బండి ముందుకి లాగు! రోడ్డు మీదకి లాగు!"

లాగాడు. వంటవాళ్ళ దగ్గరున్న నీళ్ళ డ్రమ్ములోంచి బిందెలతో ముంచి మట్టల మీద పోశాను. ఇద్దరు ముగ్గురు పరుగెత్తుకొచ్చి కాళ్ళతో తొక్కారు. బ్యాండు మోతలో లోపలున్నవాళ్ళకి ఏమీ తెలియలేదు.

రోడ్డు పక్కన వీరబాబు చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. అప్పుడు కూడా కారు ఆడుతూనే ఉంది.

"ఎప్పుడొచ్చేవు ఇక్కడికి?"

"పొద్దున్నేనండి."

"అప్పట్నించీ ఇంజిను ఆపలేదా?"

"ఆయ్. ఆపితే లోపల వేడెక్కిపోద్దండీ. పెళ్ళికూతురు కూర్చునేసరికి సీటు చల్లగా ఉండొద్దాండీ?"

"ప్రతి పెళ్ళికీ ఇంతేనా? పంటు దగ్గర కూడానా?"

"ఎక్కడైనా ఇంతేనండి." చేత్తో మొహం తుడుచుకున్నాడు. "కువైట్‌లో ఒకసారి ఆపేనండి. ఆస్పత్రి బయట. డీజిలు కాదండి, అక్కడన్నీ పెట్రోలు బళ్ళే. నీడ ఉంది కదాని ఆపేను. మేడం గారు వచ్చి కూర్చునేరు. సీటు కాలింది. చేతిలో ఉన్న నీళ్ళసీసా నా మొహమ్మీదకి విసిరేరండి. పిల్లలు నవ్వేరు. అప్పట్నించీ నేనెప్పుడూ బండి ఆపలేదండి."

అన్నాళ్ళూ నేను ఇంజెక్టర్లనీ, బంకునీ, విభూతినీ అనుమానించాను. ఫిల్టరులో నిండిన మసి ఈ మనిషి భయంలోంచి వచ్చిందని ఏ స్కానరు చెబుతుంది? పెట్రోలు బండిని రోజంతా ఆడించినా ఇలాంటి మసి పట్టదు. ఆ అలవాటే డీజిలు బండికి ఉరితాడు అయింది. నాకు కోపం వచ్చింది, అతని మీద కాదు.

"భోజనం చేశావా?" అని అడిగాను.

"బండి ఆన్‌లో పెట్టి ఎలా వెళ్తానండీ? మంగ డిక్కీలో కేరేజీ పెట్టింది. ఇంటికెళ్ళేప్పుడు తింటాను. ఇన్ని పెళ్ళిళ్ళు తిప్పేను గానీ ఒక్క పెళ్ళిలోనూ బంతిలో కూర్చోలేదండి."

తలుపు తీసి, చెయ్యి లోపలికి పెట్టి నేనే తాళం తిప్పేశాను. ఇంజిను ఆగింది. అతను ఉలిక్కిపడి చుట్టూ చూశాడు, ఎవరైనా చూశారేమోనని.

"ఎవరూ ఏమీ అనరు. అప్పగింతలప్పుడు కబురొస్తుంది. కారు ఎక్కే ముందు కాసేపు ఆన్ చేస్తే చాలు, చల్లబడుతుంది. నెలకి రెండుసార్లు రావులపాలెం దాకా హైవే మీద పరుగెత్తించు. ఆకుల మీదా, పీచు మీదా, గడ్డి మీదా ఎప్పుడూ ఆపకు. ఇది డీజిలు బండి. ఇది కోనసీమ. నువ్వు ఇప్పుడు ఎవరి డ్రైవరువీ కాదు."

"ఏమైనా అంటే?"

"అంటే నన్ను చూపించు."

తాళం చేతిలో పెట్టాను. దాన్ని గుప్పిట్లో పట్టుకుని ఎటు నడవాలో తెలియనట్టు నిలబడ్డాడు. భుజం మీద చెయ్యి వేసి నేనే పందిట్లోకి తీసుకెళ్ళాను. పిలవని పేరంటానికి వచ్చినవాణ్ణి నేను ఇంకొకణ్ణి పిలుచుకుని వెళ్ళాను. బంతి చివర రెండు విస్తళ్ళు వేయించాను.

ఆడపెళ్ళివారి పెద్దాయన వడ్డన చూస్తూ మా దగ్గరికి వచ్చారు. "డ్రైవరు గారూ, మొహమాటపడకండి. పనసపొట్టు కూర మళ్ళీ వేయించుకోండి. మా అమ్మాయిని తీసుకెళ్ళేవారు మీరే కదా" అన్నారు.

వీరబాబు తల ఎత్తలేదు. పులిహోర కలుపుతూనే ఉన్నాడు. కళ్ళనీళ్ళు విస్తట్లో పడుతుంటే చూడనట్టు నేను నీళ్ళగ్లాసు వైపు తిరిగాను.

అప్పుడే అతని చొక్కా జేబులో ఫోన్ మోగింది. ఎడంచేత్తో తీశాడు. ఫోన్‌తోపాటు పాస్‌పోర్టు కూడా జారి కుర్చీ పక్కన పడింది. ఏజెంటు గొంతు నాక్కూడా వినపడింది. టికెట్టు తీయనా అని అడుగుతున్నాడు.

"భోజనాల్లో ఉన్నానండీ" అన్నాడు వీరబాబు. "రాను లెండి. మేడం గారికి ఇంకెవర్నైనా చూడమనండి."

పాస్‌పోర్టు తీసి నా జేబులో పెట్టాడు. సాయంత్రం మంగకి ఇచ్చేయమన్నాడు. తన దగ్గర ఉంటే మళ్ళీ మనసు మారుతుందేమోనని అతనికే తన మీద అనుమానం.

చేతులు కడుక్కుని అతను తాంబూలం నములుతుంటే, నేను మెల్లిగా రోడ్డు మీదకి వెళ్ళాను. నాకు తెలుసు, ఇంజిను ఆపింది నేనే. తాళం అతని జేబులో ఉంది. అయినా ఆ తెల్లకారు బానెట్ మీద అరచెయ్యి ఆనించి, చల్లబడుతోందో లేదో చూసుకునే వచ్చాను.